మాటకు గడువు పెట్టినవాడు

మా బావ గంగారాంకు నిలకడ లేదు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే తాళంచెవులు తిప్పుతాడు, అన్నం తింటూ మధ్యలో లేచి మూడుసార్లు వాకిట్లోకి పోయి వస్తాడు. మా అక్కను ఇచ్చి పెళ్లి చేసేటప్పుడు మా నాయన "పిల్లగాడు చురుకైనోడు" అని మురిసిపోయాడు. ఆ చురుకును ఇరవై ఏళ్లుగా భరిస్తున్నది మాత్రం మేము. బామ్మర్దిని కాబట్టి నేను ఆయన్ని ఎన్నయినా అంటాను. ఇంకెవరన్నా అంటే ఊరుకోను.

ఇరవై రెండో ఏట షార్జా పోయాడు. పాలు, పెరుగు, కోళ్లు నిలవ చేసే చల్లటి గోదాములో పని. డబ్బాల మీద తేదీలు చూడటం, తేదీ దాటినవి ఏరి పారేయడం, అంతే ఆయన ఉద్యోగం. తేదీ దాటిన పెరుగు ఎంత కమ్మగా ఉన్నా చెత్తలోకే. ఆ న్యాయం మా బావకు తెగ నచ్చింది. నాలుగేళ్లకు ఆ గోదాములోకి కంప్యూటర్ వచ్చింది. ఏ డబ్బాకు ఏ రోజుతో ఆయుష్షు తీరుతుందో అదే చెప్పేది. దాని ముందు కూర్చునే మలయాళీ గుమస్తా దగ్గర మా బావ పని నేర్చుకున్నాడు. స్థిమితంగా కూర్చుని నేర్చుకున్నాడంటే నేను నమ్మను, నిలబడి నేర్చుకుని ఉంటాడు.

అక్కడుండగానే ఆయనకు ఇంటినుంచి ఒక ఉత్తరం అందింది. "బాపుకు కొద్దిగ జరం, ఫికర్ చెయ్యకు" అని రాసి ఉంది. బత్తాయిలు తినిపించమని బావ జవాబు రాశాడు. తీరా చూస్తే ఉత్తరం చేరేసరికే వాళ్ల నాయన పోయి పదిహేను రోజులు. ఆ జవాబు మా అక్కే చదివి వినిపించింది, పెద్దకర్మ కూడా అయిపోయిన ఇంట్లో. అప్పటినుంచి బావ ఒకటే మాట పట్టుకున్నాడు. "పాలడబ్బా మీద తేదీ ఉన్నది, మాట మీద ఎందుకు లేదు? పాసిపోయిన మాట తాగితే మనిషి సావడా?"

తొంభై ఆరులో తిరిగొచ్చి కోరుట్ల బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ పెట్టాడు. హైదరాబాదు నుంచి ఒక పాత కంప్యూటర్ కొని, బస్సులో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నం దిక్కు పల్లెల్లో ఫోన్లు తక్కువ, ఉన్న ఫోనుకు తీగలు ఎప్పుడు ఎవరు కోస్తారో తెలియదు. అందుకని గల్ఫులో ఉన్నవాళ్లు బావ బూత్‌కు ఫోన్ చేసి ఇంటివాళ్లకు మాట చెప్పి పెట్టేవాళ్లు. ఇంటివాళ్లు కోరుట్లకు వచ్చిన రోజు అడిగి తెలుసుకునేవాళ్లు. మిగతా బూత్‌లవాళ్లు ఇవన్నీ నోటుబుక్కులో రాసేవాళ్లు. మా బావ ఆ కంప్యూటర్ పెట్టెలో దాచేవాడు. అందులో నాలుగు గళ్లు: ఎవరు, ఎవరికి, ఏమని, ఎన్ని రోజులు. నాలుగో గడి నింపకపోతే పెట్టె ముందుకు కదిలేది కాదు. గడువు తీరిన మాటలను పొద్దున పెట్టె తెరవగానే అదే చెరిపేసేది. అదంతా బావ సొంతంగా రాసుకున్న ప్రోగ్రామే.

ఆ నాలుగో గడి కోసం రోజూ పంచాయితీ. నేను ఇబ్రహీంపట్నం బడిలో సారును, నా పేరు పోశం. సెలవుల్లో బూత్‌లో కూర్చుని ఆ పంచాయితీలు వినడమే నాకు సినిమా. అవతల దుబాయి నుంచి ఎవడో పైసలు కాలిపోతున్నాయని మొత్తుకుంటుంటే ఇవతల బావ తాపీగా అడిగేవాడు.

"గీ మాట ఎన్నొద్దులు పనికొస్తది?"

"నేను మంచిగున్నన్న మాటకు ఎన్నొద్దులేందే! ఉండనీ నెలరోజులు!"

"నెలనా? మంచిగున్ననన్న మాటకు రెండొద్దులే ఎక్కువ. మూడోనాడు నువ్వెట్లున్నవో నాకేం ఎర్క?"

పైసలు పంపినన్న మాటకు ఇరవై రోజులు, శుక్రవారం ఫోన్ చేస్తానన్న మాటకు శుక్రవారం దాకా, అత్త మీద చాడీకి ఒక్కరోజు. భార్య మీద పాణం కొట్టుకుంటోందన్న మాటకు ఎన్ని రోజులు పెట్టాలో తెలియక ఒకసారి నన్నడిగాడు. నాకప్పటికి పెళ్లి కాలేదు. వారం చాలన్నాను. మా అక్క లోపలినుంచి నా మీదికి అట్లకాడ విసిరింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, కాలం నవ్వులాటది కాదు. మా దిక్కు ఫోను కూడా అనుమానం మనిషే అప్పుడు. పైనుంచి వచ్చిన ఒక పోలీసు ఆఫీసరు బూత్‌లోకి వచ్చి, ఎవరెవరు మాట్లాడుతున్నారో చూపించమన్నాడు. మాటలు చెరిపేస్తున్నావెందుకని గద్దించాడు. "డిస్కు చిన్నది సార్, పాతది పోతేనే కొత్తది పడుతది" అన్నాడు బావ. ప్రతి శుక్రవారం పది గంటలకు ఒక కానిస్టేబుల్ వస్తాడు, ఆ పొద్దు పెట్టెలో ఏముంటే అది ఫ్లాపీలో ఎక్కించి ఇవ్వమని హుకుం. వారం తిరక్కుండానే అడవిలోని అన్నల దగ్గరినుంచి ఒక చీటీ వచ్చింది, జనం ముచ్చట్లు దాచి పోలీసులకిస్తే బాగుండదని. బావ రెండువైపులకూ ఒకే జవాబు చెప్పుకున్నాడు: "నా పెట్టెకు మతిమరుపు."

ఆ మతిమరుపు మీద ఆయనకు గట్టి నమ్మకం. నేనూ నమ్మాను.

మొగిలవ్వ ఇబ్రహీంపట్నం అవతలి పల్లెనుంచి గురువారం గురువారం కోరుట్లకు వచ్చి బెండకాయలు, దోసకాయలు అమ్ముకునేది. ఒక్కడే కొడుకు భూమన్న, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. తొంభై మూడులో ఒకరోజు సాంచాల దగ్గరికి పోలేదు, ఇంటికీ రాలేదు. అడిగినవాళ్లందరికీ మొగిలవ్వ "మస్కట్ పోయిండు" అని చెప్పేది. మా దిక్కు ఇంటికొకడు గల్ఫులో ఉంటాడు కాబట్టి ఆ మాట చెల్లిపోయేది. పోలీసులు మాత్రం రెండుసార్లు ఇంటికొచ్చి మస్కట్ నుంచి వచ్చిన ఉత్తరాలు చూపించమన్నారు. కొడుక్కు రాయరాదని చెప్పిందట.

ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో ఆమెకు మాట వచ్చేది. బావకు మొదటిసారే తెలిసిపోయింది. గల్ఫు ఫోనయితే మన మాట మనకే తిరిగి వినబడుతుంది, మధ్యలో ఇసుక రాలినట్టు చప్పుడు ఉంటుంది. ఈ ఫోను పక్కవీధినుంచి మాట్లాడినంత స్పష్టంగా ఉంది. పైగా వెనకాల కండక్టర్ "జగిత్యాల, జగిత్యాల" అని అరుస్తున్నాడు.

"మస్కట్ల గూడ మన బస్సులు నడుస్తున్నయా పోశం?" అన్నాడు నాతో. అంతే, ఇంకెవరితోనూ అనలేదు.

తొంభై తొమ్మిది మార్చిలో, ఒక బుధవారం సాయంత్రం ఆ గొంతు మళ్లీ వచ్చింది. "మా అవ్వకు చెప్పన్నా. శనివారం పొద్దుగాల కొండగట్టు మెట్ల కాడికి రమ్మను. తప్పకుండ రమ్మను."

మరునాడు గురువారం, మొగిలవ్వ వచ్చే రోజు. కానీ బావ ఆ రోజు బూత్ లైసెన్సు పనిమీద జగిత్యాల పోవాలి. బూత్‌లో మా అక్క ఉంటుంది, ఆమెకు తెరమీద ఉన్నది చదివి చెప్పడం వరకే తెలుసు. శుక్రవారం పొద్దున కానిస్టేబుల్ వస్తాడు. బావ వేళ్ల మీద లెక్కపెట్టాడు. బుధవారం ఒకటి, గురువారం రెండు. నాలుగో గడిలో రెండు కొట్టాడు. గురువారం మొగిలవ్వ వింటుంది, శుక్రవారం పొద్దున పెట్టె తెరవగానే మాట చచ్చిపోతుంది, ఆ తర్వాత పోలీసులు తీసుకుపోయేది మిగిలిన చాడీలనే. లెక్క కుదిరిందని లేచి చెయ్యి దులుపుకున్నాడు.

గురువారం మొగిలవ్వ వచ్చింది, అక్క చదివి చెప్పింది. రెండుసార్లు చదివించుకుందట. అమ్మకుండానే బెండకాయల గంప అక్కకు ఇచ్చేసి, మధ్యాహ్నం బస్సుకే పోయిందట.

శుక్రవారం నేను సెలవు పెట్టి బూత్‌లో ఉన్నాను. పదింటికి కానిస్టేబుల్ కొమురెల్లి వచ్చాడు. మంచివాడే, చాయ్ తాగి పోయే మనిషి. బావ ఫ్లాపీ ఎక్కించి చేతికిచ్చాడు. ఆయన పోయాక పావుగంటకు దమ్మాం నుంచి ఎవరో ఫోన్ చేస్తే, మాట ఎక్కిద్దామని పెట్టెలో మాటల పట్టీ తెరిచాడు బావ. తెరిచి అట్లాగే ఉండిపోయాడు. అవతల మనిషి హలో హలో అంటున్నాడు.

"ఏమైంది బావా?"

"ఉన్నది" అన్నాడు.

"ఏమున్నది?"

"మొగిలవ్వ మాట. సావలే. ఉన్నది."

ఫోన్ పెట్టేసి మళ్లీ వేళ్లు లెక్కపెట్టాడు. "బుధారం ఒకటి, బేస్తారం రెండు. ఇయ్యాల శుక్కురారం. ఎట్లుంటది? ఎట్లుంటది పోశం?"

నేను సారునే కదా, కూడికలు చెప్పి బతికేవాణ్ని. చూడగానే నాకు అర్థమైంది. మా దిక్కు రోజులు లెక్కపెడితే ఈరోజుతో మొదలుపెడతాం. మనిషి పోయిన దినమే ఒకటి, అక్కడినుంచి మూడొద్దులు, పదకొండొద్దులు. మా నోటికి అదే లెక్క, ఫోన్ చేసేవాళ్ల నోటికీ అదే. కానీ పెట్టె ఆ రోజును లెక్కలోకి తీసుకోదు. బుధవారానికి రెండు కలుపుతుంది, శుక్రవారం వస్తుంది, శుక్రవారం గడిచేదాకా ఉంచుతుంది. మూడేళ్లుగా ఆ పెట్టె ప్రతి మాటకూ ఒక్కరోజు ఎక్కువ ఆయుష్షు పోస్తూనే ఉంది. ఒక్కరోజు ఎక్కువ ఇస్తే ఎవడొచ్చి లొల్లి పెడతాడు? అందుకే ఎవరికీ తెలియలేదు.

"కొమురెల్లన్నను ఉరికి పట్టుకుంట" అని లేచాడు బావ.

"పట్టుకుని ఏమంటవు? గా ఫ్లాపీల మొగిలవ్వ ఉన్నది, ఇటియ్యి అంటవా?"

కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఇద్దరం ఒక్కసారే అనుకున్నాం. పోలీసులకు భూమన్న మొహం తెలియదు. సిరిసిల్లలో ఉన్నప్పటి ఫోటో ఒక్కటి కూడా దొరకలేదని అందరూ అనేవాళ్లు. కానీ మొగిలవ్వ మొహం వాళ్లకు తెలుసు. రేపు పొద్దున ఆమె మెట్ల దగ్గర ఏ మనిషి పక్కన నిలబడితే, వాడే భూమన్న.

నా స్కూటర్ మీద ఇబ్రహీంపట్నం దాటి పల్లెకు పోయేసరికి పన్నెండు. ఇల్లు తాళం. పొద్దున్నే కొడిమ్యాలలో చెల్లెలింటికి పోయిందని, రేపు గుట్టకు మొక్కు చెల్లించాలని చెప్పిందని పక్కింటివాళ్లన్నారు. నాకు కోపం ఎవరిమీద వచ్చిందో నాకే తెలియదు. ఒకరోజు ముందే పోయే తల్లిమీదా, ఒకరోజు ఎక్కువ ఉంచిన పెట్టెమీదా? బావను తిట్టాను. దారిపొడుగునా తిట్టాను. ఆయన వెనక కూర్చుని నా భుజం పట్టుకుని "తొందరగ పోనీ, తొందరగ పోనీ" తప్ప ఒక్క ఎదురుమాట అనలేదు. ఆయన కాలు ఊపుతుంటే స్కూటర్ ఊగేది.

కోరుట్ల దాటి, జగిత్యాల దాటి, ఎండలో వెళ్తుంటే రోడ్డు మీద పోలీసులు ఆపారు. ఎక్కడికని అడిగారు. "కొండగట్టుకు, మొక్కుంది" అన్నాను. "ఏం మొక్కు?" అన్నాడు ఒకడు బావ వైపు చూసి. బావకు అబద్ధం రాదు, నోరు తెరిచాడు. "ఈనె కాలు ఊపుతడు సార్, ఆగాలని మొక్కినం" అన్నాను నేనే. వాళ్లు నవ్వి వదిలేశారు. మాకు నవ్వు రాలేదు.

కొడిమ్యాల చేరేసరికి నాలుగైంది. మొగిలవ్వ చెల్లెలింటి వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని గంజు గిన్నెలో సర్వపిండి రొట్టె కాలుస్తోంది. నువ్వులు, పల్లీలు, ఎల్లిగడ్డ వాసన వీధిదాకా వస్తోంది. పక్కన గిన్నెలో ఇంకా పిండి ఉంది. కొడుక్కే అని వేరే చెప్పాలా?

మమ్మల్ని చూసి లేవబోయింది. బావ నిలబడే చెప్పేశాడు.

"అవ్వా, రేపు నువ్వు గుట్టకు పోవద్దు."

"ఎందుకు కొడుకా?"

బావ మొత్తం చెప్పాడు. ఎవరిమీదా పెట్టలేదు, తప్పు నాదే అన్నాడు. ఫ్లాపీ అంటే ఆమెకు అర్థం కాలేదు గానీ అర్థమవ్వాల్సింది అయింది.

"అంటే నా కొడుకు మాట పోలీసోళ్ల చేతికి పోయింది."

"పోయింది."

"సదివిండ్రా?"

"ఎర్కలేదవ్వా."

"సదవకుంటే?"

"సదవకుంటే ఏం గాదు."

ఆమె సర్వపిండి అంచు అట్లకాడతో లేపి చూసి మళ్లీ మూతపెట్టింది. "ఆరేండ్లాయె వాని మొకం సూడక" అంది. మళ్లీ తనే, "దూరం సంది సూసి అస్త. దగ్గెరికి పోను. పో అంటె పోను" అంది.

"నువ్వు పోవు" అన్నాడు బావ. "నిన్ను సూస్తె వాడే దగ్గెరికి అస్తడు."

మొగిలవ్వ ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది. పొయ్యిలోంచి కట్టె ఒకటి వెనక్కి లాగింది.

"నేను రాకుంటె వాడేమనుకుంటడు?" అంది.

ఆమె గంజులోంచి సర్వపిండి తీసి, రెండు ముక్కలు చేసి మా చేతుల్లో పెట్టింది. "తినుండ్రి. సల్లారితె గట్టిగైతది." వాకిట్లో నిలబడి ఆ ముక్కలు తిన్నాం.

ఆమె పోలేదు. శనివారం రోజంతా చెల్లెలింట్లోనే కూర్చుంది. పోయింది మా బావ. నాకు చెప్పకుండా, పొద్దున్నే మొదటి బస్సుకు కొండగట్టు ఎక్కాడు. భూమన్న మొహం ఆయనకూ తెలియదు, తెలిసింది గొంతు ఒక్కటే. కొబ్బరికాయల దుకాణాల దగ్గర, మెట్ల దగ్గర, మాట్లాడుతున్న ప్రతి మగవాడి పక్కనా పోయి నిలబడి విన్నాడట. పిచ్చివాడనుకుని ఒకరు ప్రసాదం కూడా పెట్టారట. సాయంత్రం దాకా తిరిగి, ఎవరి గొంతూ దొరక్క దిగొచ్చాడు. తెలిసినప్పుడు నేను ఎంత అరిచానంటే మా అక్క వచ్చి అడ్డం నిలబడింది.

ఆ శనివారం గుట్టమీద ఎవరినీ పట్టుకోలేదు. ఆ గొంతు మాత్రం మళ్లీ ఫోన్ చేయలేదు.

బావ ఆ ఆదివారమే ప్రోగ్రాం దిద్దాడు, ఒకటి తగ్గించి కూడేట్టు. వారంలో బూత్ ముందు లొల్లి. ఎప్పుడొచ్చినా మాట దొరికేది, ఇప్పుడు ఒకరోజు ముందే మాయమవుతోందని ఆడవాళ్లు తిట్టిపోశారు. ఊరంతా ఆ ఎక్కువ రోజుకు అలవాటు పడిపోయింది మరి. చివరికి ఆయన రోజులు అడగడమే మానేశాడు. "ఎన్నొద్దులు" పోయి "ఏ తేదీ దాక" వచ్చింది. ఆ తేదీని పెట్టెలో కొట్టి, అవతల మనిషికి వారంతో సహా రెండుసార్లు చదివి వినిపించేవాడు. ఫోన్ చేసినవాళ్లు విసుక్కుంటే విసుక్కోనిచ్చేవాడు.

వానాకాలంలో కొమురెల్లి ఒక చెప్పుల డబ్బా నిండా ఫ్లాపీలు తెచ్చి బల్లమీద పెట్టాడు. "తీసుకో గంగన్నా, మళ్ల వాడుకో. ఆ సారు బదిలీ అయిండు. మా కాడ కంప్యూటరే రాలే ఇంకా. గివి ఎవరు తెరిసి సూసిండ్రని?"

బావ డబ్బా వైపు చూశాడు. ఒక్కటీ చదవలేదు. ఆ శనివారం మొగిలవ్వ పోయి ఉంటే కొడుకును చూసేది, అంతే. నేను ఆయన పక్కకు పోయి, "గీ సంగతి ముసలామెకు చెప్పకు, నా మీద ఒట్టు" అన్నాను. ఆ ఒక్కసారి నా మాట విన్నాడు. కానీ గురువారాలు బూత్‌లో ఉండేవాడు కాదు. ఏదో పని పెట్టుకుని జగిత్యాల పోయేవాడు.

రెండు వేల ఒకటి చివర్లో భూమన్న లొంగిపోయాడని పేపర్లో పడింది. కొంతకాలానికి ఇంటికి వచ్చాడు గానీ ఊళ్లో ఉండలేదు, మళ్లీ సిరిసిల్ల సాంచాల మీదికే పోయాడు. తల్లికి నెలనెలా ఏదో పంపుతాడనీ, ఎప్పుడన్నా వచ్చినా ఇంట్లో అన్నం ముట్టడనీ, ఆమెతో అవసరానికి రెండు మాటలే మాట్లాడతాడనీ జనం చెప్పుకున్నారు. అడవి మనిషిని అట్లా చేసిందనుకున్నాం.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక మంగళవారం, ముప్పై దాటిన మనిషి ఒకడు బూత్‌లోకి వచ్చాడు. "అన్నా, సిరిసిల్లకు ఒక ఫోను కలుపుతవా?" అన్నాడు. బావ తలెత్తలేదు, చెయ్యి ఆగింది. మొహం చూడకుండానే పోల్చుకున్నాడు.

"మస్కటోన్ని అన్నా" అని నవ్వాడు భూమన్న. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి బల్లకింద పెట్టుకున్నాడు. "రెండేండ్ల కింద పోయినయి. ఇప్పుడు పోగు తెగితె ముడెయ్యనీకె ఆలస్యమైతది, సేటు కొట్లాడుతడు."

బావ చాయ్ తెప్పించాడు. భూమన్న తాగుతూ తనంతట తానే మొదలుపెట్టాడు.

"గా శనివారం యాదికున్నదా అన్నా, గుట్టకు రమ్మని చెప్పిన? నేను దళం ఇడిసిపెట్టి అచ్చిన గా దినం. ఒక్కన్నే ఊర్లకు పోతె ఎవడు ముందు కాలుస్తడో ఎర్కలేదు. అవ్వ పక్కపొంటి ఉంటె ఎవడైనా ఒక్క నిమిషం ఆగుతడనుకున్న. పొద్దుమీకేదాక మెట్ల కాడ కూసున్న. రాలే. ఎనుకకే పోయిన. ఇంకో రెండేండ్లు, గీ ఏళ్లు గూడ పోయినయి."

"అవ్వను అడగలేదా?" అన్నాను నేను, నా నోరు పడ.

"అడిగిన. ‘దినం మర్సిపోయిన కొడుకా’ అన్నది. ఆరేండ్ల తరువాత కొడుకు పిలిస్తె, దినం మర్సిపోయే తల్లి ఉంటదా అన్నా?"

ఆ ముసలామె మా పేరు చెప్పలేదు. బావ వైపు చూశాను. వద్దని కళ్లతో చెప్పాను, తల ఊపాను, బల్లకింద కాలు తొక్కాను. ఎవడి చేతిలో ఏముంటుందో తెలియని రోజులు, ఎదురుగా ఉన్నది ఎన్నో చూసి వచ్చిన మనిషి.

బావ కాలు తీసుకున్నాడు. "మీ అవ్వ మర్సిపోలేదు తమ్మీ" అన్నాడు. "కొడిమ్యాల దాక అచ్చింది నీ కోసం. పోవద్దన్నది నేను."

మొత్తం చెప్పాడు. ఒక్కరోజు తప్పు లెక్క, ఫ్లాపీ, స్కూటరు, సర్వపిండి. ఎవరూ ఆ ఫ్లాపీ చదవలేదన్నది కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆయన కాలు కదల్లేదు. నేను మాత్రం తలుపు ఎంత దూరముందో చూసుకుంటున్నాను.

భూమన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. చెయ్యి పైకి తీసి ఆ మూడు వేళ్లనూ చూసుకున్నాడు.

"నీ తప్పని అవ్వకు ఎర్కనా?" అన్నాడు.

"నేనే చెప్పిన. చెప్పినంక గూడ పెట్టి తినిపిచ్చింది మాకు."

లేచాడు. బావ మీదికి వస్తాడనుకుని నేనూ లేచాను. భూమన్న సిరిసిల్ల ఫోను కలపమన్న సంగతే మర్చిపోయి బయటికి నడిచాడు. రోడ్డు దాటి, కదులుతున్న ఇబ్రహీంపట్నం బస్సును పరిగెత్తి ఎక్కాడు.

గురువారం వచ్చింది. ఈసారి బావ జగిత్యాల పోలేదు. మొగిలవ్వ గంప గుమ్మంలో దించేసి లోపలికి వస్తూనే అందుకుంది.

"ఎవడు చెప్పుమన్నడురా నీకు? మూడేండ్ల సంది కడుపుల దాసుకున్న. నా మీద కోపమైతె వాడు నా ఇంట్ల బువ్వ తినుడు బందు వెడ్తడు, గంతే. నీ మీద కోపమైతె ఏం జేస్తడోనని కండ్లు మూస్తె నిద్రలేదు నాకు. పెండ్లాం ఉన్నది నీకు, దుకాణమున్నది. నీకెందుకురా గా నోరు?"

బావ తలవంచుకుని నిలబడ్డాడు. మా అక్క నీళ్లు తెచ్చిచ్చింది. మొగిలవ్వ తాగలేదు, చెంబు పట్టుకుని కూర్చుంది. కోపం అయిపోయింది గానీ ఊపిరి ఇంకా ఎగబోస్తూనే ఉంది.

"మంగళారం అచ్చిండు" అంది చివరికి, మా అక్క వైపు తిరిగి. "ఏం మాట్లాడలే. కాళ్లు కడుక్కోని పీట మీద కూసున్నడు బిడ్డా. దోసకాయ పప్పు. రెండుసార్లు ఏసుకున్నడు."

అని కొంగుతో మొహం తుడుచుకుని, ఎండెక్కితే బెండకాయలు వాడిపోతాయని గంప ఎత్తుకుని పోయింది.